రాత్రి అన్నం వద్దంటున్న పెద్దవాళ్లకి ఏం పెట్టాలి?

బరంపురంలో మీ నాన్నగారు రాత్రయ్యేసరికి కంచం తోసేసి, టీలో రెండు రస్కులు ముంచుకుని పడుకుంటున్నారని రాశారు. మా అత్తగారిదీ అదే వరస. మాది పర్లాకిమిడి, ఆవిడకి 78. ఆర్నెల్లలో 48 కిలోల మనిషి 44కి వచ్చేశారు. షుగరుకి భయపడి తగ్గించారనుకున్నాం. డాక్టరుగారు మాత్రం ముందు నోరు తెరవమన్నారు. కట్టుడుపళ్లు వదులై చిగురు ఒరుసుకుపోయింది. నమలలేక మానేశారు గానీ మాతో ఒక్క మాటా అనలేదు.

పళ్లు సరిచేయించినా రాత్రి తిండి పెరగలేదు. ఓరోజు పొద్దున్న ఆరింటికి వంటింట్లోకి వెళ్తే, ఆవిడ గిన్నె అడుగున మిగిలిన చద్దన్నంలో మజ్జిగ పోసుకుని నిలబడే తింటున్నారు. ఆవిడకి ఆకలేసేది పొద్దున్న, మేం వడ్డించేది సీరియల్ అయ్యాక రాత్రి తొమ్మిదిన్నరకి!

ఇప్పుడు పొద్దున్న ఏడింటికల్లా చోడి (రాగి) అంబలి. పిండి రాత్రే నానబెట్టి, పొద్దున్న మరిగే నీళ్లలో ఉండకట్టకుండా తిప్పి, చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు కలుపుతాను. చోళ్లు వంద గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటుంది. అలాగని అంబలి తాగితే షుగర్ పెరగదనేది వట్టి మాట, మేం గ్లాసుడు దాటనివ్వం.

అసలు భోజనం పదకొండున్నరకి. మెత్తటి అన్నం, ములగాకు పప్పు, ఓ ఉడికించిన గుడ్డు. గుడ్డుకి ఆరు గ్రాముల దాకా ప్రొటీన్, ఈ వయసులో కండ కరిగిపోకుండా అది కావాలి. వారంలో రెండు రోజులు దాల్మా, పక్కింటి ఒడియా ఆవిడ నేర్పింది. కందిపప్పులో గుమ్మడి, పచ్చి బొప్పాయి, వంకాయ మెత్తగా ఉడికించి, వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లడమే. పెద్దగా నమిలే పనుండదు. బీపీ ఉందని ఆవకాయ మాన్పించబోతే అన్నమే మానేశారు. అందుకే ముక్క తీసేసి కాస్త ఊట వేస్తున్నాం.

రాత్రి ఏడింటికి పెసరకట్టుతో నాలుగు ముద్దలు, మాతో కూర్చుని. ఒంటరిగా పెడితే రెండే.

మీ నాన్నగారికి షుగర్ మాత్రలుంటే భోజనం వేళ మార్చేముందు డాక్టర్ని అడగండి. కొన్ని మాత్రలు వేసుకుని సరిగా తినకపోతే షుగర్ పడిపోతుంది. దాహం వేయలేదన్నా మధ్యమధ్యలో నీళ్లు ఇస్తుండండి, పెద్దవాళ్లకి దాహం అంతగా తెలియదు. ఇవన్నీ తర్వాత, ముందు పళ్లు చూపించండి.