సీసం గుండు 1758 నాటిదేనా? – సమాధానం

చందుర్తిలో 1758లో ఇంగ్లిష్‌వాళ్లకూ ఫ్రెంచ్‌వాళ్లకూ యుద్ధం జరిగింది. అక్కడి పొలంలో మీకు దొరికిన తుపాకీ గుండు అప్పటిదేనా అని అడిగారు; అది 17.4 మిల్లీమీటర్ల వెడల్పు, 31 గ్రాముల బరువు అన్నారు కదండీ. అయితే సీసమే; ఇనుమైతే 22 గ్రాములు కూడా తూగదు. ఈ కొలత ఇంగ్లిష్‌వాళ్ల బ్రౌన్ బెస్ అనే పాత తుపాకీకి సరిపోతుంది. దాని గొట్టం లోపలి వెడల్పు సుమారు 19 మిల్లీమీటర్లు. లోపల మసి పేరుకున్నా దిగాలని గుండును గొట్టం కంటే కాస్త చిన్నగానే పోతపోసేవారు. ఫ్రెంచ్ గుండ్లు 16.5 దగ్గర ఉంటాయి.

కానీ బ్రౌన్ బెస్‌ను 1720ల నుంచి వందేళ్లకు పైగా వాడారు. ఒక్క గుండు చూసి ఇంగ్లిష్ సేనాని ఫోర్డ్ గెలిచిన ఆ 1758 డిసెంబర్ యుద్ధానిదే అనలేం. అదే చేలో ఫ్రెంచ్ సైజువి కూడా దొరికితే నాకు నమ్మకం పెరుగుతుంది. ఒక పక్క అణిగి ఉంటే పేల్చింది అయ్యుండొచ్చు.

గుండు మీది తెల్ల పొరను చింతపండుతో తోమకండి, పాడవుతుంది. పైగా సీసం విషం, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. దొరికిన చోటు రాసిపెట్టుకుని తహసీల్దారుకు చెప్పండి.