జీతం పెరిగింది, మనిషి దిగాలు పడ్డారు

ప్రశ్న: మాది మదనపల్లె. పెళ్లై తొమ్మిదేళ్లు, ఒక పాప. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ దగ్గర ఫ్లాట్ కొనుక్కున్నాం, నెలకు 58 వేలు ఈఎంఐ. మావారు ఎనిమిది నెలల క్రితం 40 శాతం ఎక్కువ జీతం వస్తుందని కంపెనీ మారారు. అప్పటి నుంచి మనిషి వేరైపోయారు. పాత ఆఫీసు నుంచి వస్తే బ్యాగ్ భుజాన ఉండగానే వంటగది గుమ్మంలో నిలబడి ఆ రోజు ముచ్చట్లన్నీ చెప్పేవారు. ఇప్పుడు కారు గేట్లోకి రావడం బాల్కనీలోంచి కనిపిస్తుంది, ఇరవై నిమిషాలైతే గానీ బెల్ మోగదు. అడిగితే ‘రోజంతా మీటింగులు, రిపోర్టులు. నేను చేసిందంటూ ఏమీ లేదు’ అంటారు. ఆదివారం సాయంత్రం నుంచే టెన్షన్. మొన్న రిజైన్ చేస్తానన్నారు. ‘బంగారంలాంటి ఉద్యోగం కాలదన్నుకుంటావా’ అని మా మామగారు కోప్పడ్డారు. నేను కూడా ‘ఇంత జీతం ఇస్తుంటే ఇంకేం కావాలి’ అన్నాను. ఆ రోజు నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. పెళ్లికి ముందు నేను ఏడు వేల జీతానికి స్కూల్లో లెక్కలు చెప్పాను. అయినా సంతోషంగానే ఉండేదాన్ని. ఆయనకు ఏం తక్కువైంది?
– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: అమ్మా, ఆయనకు ఏం తక్కువైందో మీ ఉత్తరం చివర్లో మీరే రాశారు. ఏడు వేలకు లెక్కలు చెబుతూ సంతోషంగా ఉన్నానన్నారు. ఆ డబ్బు సరిపోయిందని కాదు కదా. ఒక లెక్క మూడోసారి విడమరిచి చెప్పాక వెనక బెంచీ పిల్ల ‘ఆ... అర్థమైంది టీచర్’ అంటే, మీ కష్టం ఫలించిందని అక్కడికక్కడే తెలిసేది. ఏ పాఠం ఎలా చెప్పాలో, ఎవరిని బోర్డు దగ్గరికి పిలవాలో మీ ఇష్టం. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లలు పై తరగతికి వెళ్తే, అందులో మీ చెయ్యి ఉందని మీకు తెలుసు.

పనిలో మనసు నిలవాలంటే ఏం ఉండాలన్న ప్రశ్నకు హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1970ల్లో ఐదు సంగతులు చెప్పారు. మనకున్న రకరకాల నైపుణ్యాలు వాడే వీలు, ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా చేయడం, అది ఎవరికో ఉపయోగపడుతోందని తెలియడం, సొంతంగా నిర్ణయించుకునే స్వేచ్ఛ, ఎలా చేశామో తెలుస్తూ ఉండటం. మీ బడిలో ఇవన్నీ ఉన్నాయి. ‘నేను చేసిందంటూ ఏమీ లేదు’ అన్న మీవారి మాటను వీటి పక్కన పెట్టి చూడండి.

జీతం ముఖ్యం కాదని నేను అనను. ఈఎంఐ కట్టే ఇంటికి ఆ మాట చెప్పడం అన్యాయం. అయితే జీతం కూరలో ఉప్పులాంటిది. తక్కువైతే ముద్ద దిగదు. సరిపడా పడ్డాక ఇంకాస్త వేస్తే రుచి పెరగదు. హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను కలిసి, ఉద్యోగంలో బాగా సంతోషపడిన సందర్భం ఒకటి, బాగా బాధపడిన సందర్భం ఒకటి చెప్పమన్నాడు. ఆ ఫలితాలు 1959లో వచ్చాయి. సంతోషం అనగానే ఎక్కువ మంది సాధించిన పని గురించి, దక్కిన గుర్తింపు గురించి చెప్పారు. బాధ అనగానే కంపెనీ పద్ధతులు, పై అధికారి తీరు లాంటివి ముందుకొచ్చాయి. మంచి జరిగితే మన గొప్ప, చెడు జరిగితే పైవాళ్ల తప్పు అనుకోవడం మనిషి నైజమేనని తర్వాత కొందరు ఆ పద్ధతిని తప్పుపట్టారు. అందులోనూ నిజముంది. అయినా ఆ ప్రశ్న మాత్రం మన ఇళ్లల్లో బాగా పనికొస్తుంది.

మీరు మీవారిని అదే అడగండి. ‘ఎందుకిలా ఉంటున్నారు’ అని అడిగితే నిలదీసినట్టుంటుంది. ‘పాత ఆఫీసులో బాగా హుషారుగా ఇంటికొచ్చిన రోజు ఏది? ఆ రోజు ఏం చేశారు?’ అనండి. వంటగది గుమ్మంలో ఆయన చెప్పిన కబుర్లు మీకు గుర్తున్నాయి కాబట్టి, ఒకటి మీరే అందించండి. చెబుతున్నప్పుడు మధ్యలో జీతం ఊసు తేవద్దు. అంతకంటే ముందు, ‘ఆ రోజు అలా అనాల్సింది కాదు’ అని ఒక్క మాట చెప్పండి. నాన్న ఎటూ అర్థం చేసుకోరు, భార్య అయినా అర్థం చేసుకుంటుందనుకుని ఉంటారు.

ఆయనకు పోయిందేమిటో తేలితే దారి దొరుకుతుంది. సొంత చేత్తో చేసే పని పోయిందంటే, మేనేజర్‌తో ‘నాకు బాగోలేదు’ అంటే లాభం లేదు. ‘ఫలానా భాగం మొదటి నుంచి చివరి దాకా నాకు అప్పగించండి’ అని పేరు పెట్టి అడగాలి. అక్కడ కుదరకపోతే అదే కంపెనీలో వేరే టీమ్ చూసుకోవచ్చు. పాత కంపెనీ తిరిగి తీసుకుంటానంటే వెళ్లడంలో నామోషీ ఏమీ లేదు, కాస్త జీతం తగ్గినా సరే.

కానీ కోపంలో రిజైన్ చేయడం వద్దు. వేరే ఆఫర్ చేతికొచ్చాకే. ఒకవేళ ఖాళీగా ఉండాల్సి వచ్చినా ఇబ్బంది లేకుండా ఆరు నెలల ఈఎంఐ, ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోండి. నోటీసు పీరియడ్ రెండు నెలలా, మూడు నెలలా చూసుకోండి. ఉద్యోగంతో పాటు కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కూడా పోతుంది. మీ అత్తమామలు అందులోనే ఉంటే ముందుగా వేరే పాలసీ తీసుకోవాలి. ఈ లెక్కలు ఇద్దరూ కాగితం మీద వేసుకోండి. లెక్కల టీచరుకు నేను చెప్పాలా!

ఇంకొకటి, అడగకపోయినా అంటున్నాను. మీరు ఆ బడి గురించి రాసిన వాక్యంలో మీ ప్రాణం కనిపించింది. మళ్లీ పాఠాలు చెప్పాలని మీకు ఉంటే ఆలోచించండి. ఈఎంఐ భారం పంచుకోవడానికే అయితే అక్కర్లేదు, మీకోసమైతేనే.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, పాపతో ఆడుకోవడానికి కూడా మనసు రాకపోవడం, ‘నేనెందుకు బతకాలి’ లాంటి మాటలు ఉంటే అది ఉద్యోగం మారితే పోయేది కాదు, డాక్టర్ చూడాలి. మీరుండే బెంగళూరులోనే నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇక ఆ ఇరవై నిమిషాల సంగతి. ‘ఎక్కడున్నారు, ఇంకా పైకి రాలేదేం’ అని ఫోన్ చేయకండి. రేపు కారు గేట్లోకి రాగానే మీరే కిందికి దిగి, పక్క సీట్లో కూర్చోండి. ఆయన మాట్లాడకపోయినా ఫరవాలేదు.