గోదాన్‌కి ముందు ప్రేమ్‌చంద్ ఏం రాశాడు?

ప్రశ్న: హిందీ రచయిత ప్రేమ్‌చంద్‌వి గోదాన్, నిర్మల, కఫన్ చదివానండి. ఆయన మొదట్లో వేరే పేరుతో రాసేవాడట, ఆ పుస్తకాన్ని తగలబెట్టారట, నిజమేనా? ఆ పాత రచనలు ఇప్పుడు పనిగట్టుకుని చదవడం టైమ్ వేస్ట్ అంటోంది మా ఫ్రెండ్. మీరేమంటారు?

జవాబు: నిజమేనండి. అసలు పేరు ధన్‌పత్ రాయ్, గవర్నమెంటు ఉద్యోగం, నవాబ్ రాయ్ అన్న పేరుతో ఉర్దూలో రాసేవాడు. 1908లో అయిదు కథలతో 'సోజ్-ఎ-వతన్' (దేశం కోసం ఆవేదన అని) వేస్తే హమీర్‌పూర్ కలెక్టర్ పిలిపించి ఇది రాజద్రోహం కాదా అని చీవాట్లు పెట్టి, మిగిలిన కాపీలన్నీ తెప్పించి కాల్పించేశాడు. అలా కలెక్టర్ పుణ్యమా అని 1910 నుంచి ప్రేమ్‌చంద్ అయ్యాడు.

అందులో మొదటి కథ మన పేదరాశి పెద్దమ్మ కథల టైపే. ప్రపంచంలోకెల్లా విలువైన వస్తువు తెమ్మంటుంది ప్రేయసి, వాడు ఉరికంబం దగ్గర ఖైదీ కార్చిన కన్నీటిబొట్టు తెస్తాడు, తర్వాత సతి చితాభస్మం, రెండూ చాలవంటుంది, చివరికి దేశం కోసం చచ్చిపోతున్న సిపాయి ఆఖరి నెత్తురు చుక్క తెస్తేగానీ ఒప్పుకోదు. కఫన్ రాసిన చెయ్యేనా ఇది అనిపిస్తుంది, అంత అలంకారం.

కానీ నన్నడిగితే అసలు చదవాల్సింది 1907లో హిందీలో వచ్చిన 'ప్రేమ' నవల. నాటకీయత బోలెడు, అది ఒప్పుకోవాల్సిందే. అయినా అందులో హీరో అమృత్‌రాయ్ వితంతువైన పూర్ణని పెళ్లి చేసుకుంటాడు, తర్వాత పూర్ణ పోయాక, భర్త చనిపోయిన ప్రేమని (నవల పేరు ఈ అమ్మాయిదే) కూడా చేసుకుంటాడు (స్పాయిలర్‌కి సారీ). వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881లో, అక్కడ ప్రేమ్‌చంద్ 1906లో బాలవితంతువు శివరాణీ దేవిని తనే పెళ్లాడాడు, కాబట్టి ఊరికే కాగితం మీద కబుర్లు కావు. తమాషా ఏంటంటే ఇదే కథని ఇరవై ఏళ్ల తర్వాత 'ప్రతిజ్ఞ'గా తిరగరాస్తే శిల్పం బాగా కుదిరింది గానీ వితంతువు పెళ్లి ఎగిరిపోయింది, అమృత్‌రాయ్ ఆశ్రమం పెట్టి బ్రహ్మచారిగా మిగిలిపోతాడు! చెయ్యి తిరిగాక ధైర్యం తగ్గిందని నా అనుమానం, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

ముందు ప్రేమ, వెంటనే ప్రతిజ్ఞ చదవండి. మీ ఫ్రెండ్‌కి మాత్రం ప్రేమలో చివరి చాప్టర్లు ఇచ్చి చూడండి.