పెల్లెట్ డబ్బా మారితే గురి ఎందుకు మారుతుంది?

ప్రశ్న: మా బిడ్డ తొమ్మిదో తరగతి, పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆడుతది. పోయిన నెల పాత పెల్లెట్లు అయిపోతే అదే కంపెనీవి, అదే 4.50 సైజువి కొత్త డబ్బా తెచ్చినం. అప్పటిసంది 10.4 పడే దగ్గర 9.9 పడుతున్నది. ఇంకా ఖరీదువి కొనాల్నా?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: ఖరీదు మాట పక్కన పెట్టండమ్మా. ముందు రెండు డబ్బాల లాట్ నంబర్లు, అంటే ఏ విడతలో తయారయ్యాయో చెప్పే నంబర్లు, పోల్చి చూడండి. 4.50 అనేది పెల్లెట్ తల వ్యాసం మాత్రమే. అదే సైజును వేరే అచ్చులో ఒత్తితే నడుము, వెనక పావడా అంచు మందం కొద్దిగా మారతాయి. ఒక బ్యారెల్‌కు నప్పిన లాట్ పక్క పిల్ల బ్యారెల్‌కు నప్పకపోవచ్చు. ఇది పరీక్షించి తేల్చుకోవాల్సిందే, లేబుల్ చూసి చెప్పలేం.

ఈ ఆటలో పదో పాయింట్ చుక్క అర మిల్లీమీటరు. దశాంశంలో ఒక్కో మెట్టు పావు మిల్లీమీటరు. అంటే 10.4 నుంచి 9.9కి దిగడమంటే గుండు మధ్య నుంచి ఇంకో ఒకటింపావు మిల్లీమీటరు పక్కకు పోవడం. అయితే గుండ్లన్నీ కలిసి ఒక పక్కకు జరిగాయా, లేక చెదిరాయా? కలిసి జరిగితే తప్పు పెల్లెట్‌ది కాదు. గురి చూసే సైటును కొన్ని క్లిక్కులు తిప్పితే సరిపోతుంది. చెదిరితేనే కింది పరీక్ష.

ముందు ఫెల్ట్ ముక్కలతో బ్యారెల్ తుడిచి, పరీక్షించబోయే లాట్‌వే పదిహేను, ఇరవై గుండ్లు ఊరికే కాల్చండి. కొత్త సీసం పూత పట్టేదాకా బ్యారెల్ నిలకడగా ఉండదు, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. తర్వాత రైఫిల్‌ను మెత్త దవడలున్న వైస్‌లో బిగించాలి. వైస్ లేకుంటే ముందు ఒక ఇసుక సంచి, కుందా (భుజానికి ఆనించే భాగం) కింద ఒకటి పెట్టి కూర్చుని కాల్చవచ్చు. కొలత సరిగ్గా పది మీటర్లు ఉండాలి. మామూలు కాగితం చిరిగి రంధ్రం పెద్దదవుతుంది కాబట్టి టార్గెట్ కార్డే వాడాలి. లాట్‌కు పదేసి గుండ్ల గ్రూపులు (ఒకే గురికి కాల్చిన రంధ్రాల గుంపులు) మూడు, ప్రతిదీ కొత్త కార్డు మీద. ఐదు గుండ్ల గ్రూపు నమ్మదగింది కాదు, అదృష్టం కూడా అందంగా కనిపిస్తుంది. వెర్నియర్‌తో బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచి 4.5 మి.మీ. తీసేస్తే మధ్య నుంచి మధ్యకు దూరం వస్తుంది. మూడు కార్డుల్లో అతి చెడ్డదాన్ని బట్టి లాట్‌ను ఎంచండి. మంచి కార్డు చూసి మురిసిపోతే పోటీ రోజు తెలుస్తుంది.

బంగారం దుకాణం త్రాసు మీద ఒక్కో పెల్లెట్‌ను తూచే వాళ్లున్నారు. 0.53 గ్రాముల గుండులో మిల్లీగ్రాము తేడాను పట్టుకునే కంటే, వెలుతురులో పావడా అంచు వంగినవి ఏరి పారేయడం మేలు. వంగిన అంచు దగ్గర గాలి కారిపోతుంది. కింద పడిన డబ్బాను ప్రాక్టీసుకు మళ్లించండి. నప్పిన లాట్ దొరికితే, 500 గుండ్ల డబ్బాలు పది ఒకేసారి తీసుకోండి. ముట్టుకున్నవి సీసం గుండ్లు కనుక ఆట అయ్యాక పాప చేతులు కడుక్కోవాలి.

ఇంకొక్క మాట. ఆమె సొంత గ్రూపు ఎనిమిది మిల్లీమీటర్లు దాటుతుంటే, ఈ పరీక్ష డబ్బులు కోచ్‌కిచ్చి నిలబడే తీరు దిద్దించండి.

ప్రశ్న: ఎయిర్ రైఫిల్ గాలి సిలిండర్‌ను ఎండలో కారులో పెట్టొద్దంటారు. అంత ప్రమాదమా?
– మహబూబ్‌నగర్

జవాబు: 200 బార్ల ఒత్తిడికి గాలి నింపిన సిలిండర్ వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది, పాలమూరు మే నెలలో మూసిన కారు పొయ్యి లాంటిదే. ఎండలోకి తెచ్చేముందు కొంత గాలి వదిలేయండి. నింపడం నెమ్మదిగా, పొడి గాలితో మాత్రమే. సిలిండర్ మీద తయారీ తేదీ చూడండి: పదేళ్లు దాటితే పోటీకి పనికిరాదు, నింపకూడదు కూడా.

ప్రశ్న: కొలరాడోలో ఉన్న మా బావ ఎల్క్ (అక్కడి పెద్ద జింక) వేటకు తూటాలు ఇంట్లనే నింపుకుంటడు. అందులో కిటుకేంది? ఇక్కడ మనం చెయ్యొచ్చా?
– వనపర్తి

జవాబు: కిటుకు మిర్యాలగూడ జవాబులో ఉన్నదే, తుపాకీకి ఏది నప్పుతుందో పరీక్షించి తేల్చుకోవడం. తుపాకీ మందు కలిసింది కాబట్టి మెట్లు ఎక్కువ. కాల్చిన ఇత్తడి కేసును కొలతకు ఒత్తడం, పొడవు కత్తిరించడం, ప్రైమర్ (మందును అంటించే చిన్న బిళ్ల) పెట్టడం, మందు తూచడం, గుండు కూర్చోబెట్టడం. మందును గ్రెయిన్ అనే చిన్న తూకంలో పదో వంతు దాకా తూస్తారు. తయారీదారు పట్టికలో ఉన్న ప్రారంభ మోతాదు నుంచి మెల్లగా పెంచుకుంటూ వేగం కొలుస్తారు. బోల్ట్ (తూటా వెనక మూసే కడ్డీ) బరువుగా లేచినా, ప్రైమర్ చదునైనా, కేసు అడుగున మెరిసే గుర్తు పడినా అది ఒత్తిడి దాటిన సూచన, వెనక్కి రావాలి. మందు వేడికి ఒత్తిడి పెంచుకుంటుంది కనుక చలిలో గరిష్ఠానికి నింపినది ఎండాకాలంలో దాటిపోతుంది.

ఇంత తంటా ఎందుకంటే, సెకనుకు 2,900 అడుగులు పోయే గుండులో 30 అడుగుల తేడా 600 గజాల దగ్గర సుమారు రెండు అంగుళాల ఎత్తు తేడా అవుతుంది. పది మీటర్ల ఆటలో ఆ బాధ లేదు. ఎల్క్ మగది 300 కిలోలు దాటుతుంది, భుజం ఎముక గట్టిది. అందుకే మెత్త గుండు కాక, రాగి గుండో, సీసం రాగి పొరకు అతుక్కున్న గుండో వాడతారు. దూరంలో వేగం తగ్గితే ఆ గుండు విచ్చుకోదు, జంతువు గాయంతో పోతుంది. ఎంత దూరం దాకా కాల్చవచ్చో తేల్చేది గురి ఒక్కటే కాదు, ఆ వేగం కూడా.

ఇక్కడ మాత్రం వద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటా తయారీకి లైసెన్సు తప్పనిసరి. వేట 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, నల్లమలలోని కణుజును కూడా ముట్టుకోరాదు. మీ బావ వస్తూ వస్తూ గుర్తుగా ఒక తూటా తెస్తానంటే ముందే వద్దనండి. బ్యాగులో ఒక్క తూటా దొరికినా ఎయిర్‌పోర్టులో కేసవుతుంది.