సమాధానం: ‘డేట్ రాలేదు’ అంటే బాట్ తేదీ అడుగుతోంది

మేడమ్, మీ హాస్టల్ పిల్లలు నెలసరి రాలేదనే అర్థంలో ‘డేట్ రాలేదు’ అని కొడితే, నెలసరి సందేహాలకు తనంతట తానే జవాబిచ్చే మీ వాట్సాప్ బాట్ ‘ఏ తేదీ కావాలి?’ అంటోందని, ఒక బటనేమో సేవ్ కావడం లేదని రాశారు.

మొదటిది శిక్షణ వాక్యాల, అంటే బాట్‌కి నేర్పడానికి ఇచ్చే నమూనా వాక్యాల లోపం. వాటిలో ‘ఋతుస్రావం’ లాంటి పుస్తక భాషే ఉన్నట్టుంది. ఒక్కో ఇంటెంట్‌కి (అడిగేవాళ్ల ఉద్దేశానికి) కనీసం 30 వాక్యాలు పెట్టండి, సగం ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టే తెలుగులో. ‘బయట ఉన్నా’, ‘పీరియడ్ లేట్’ అన్నీ రావాలి. పేర్లు లేకుండా చీటీల మీద పిల్లల చేతే రాయించుకుంటే ఇంకా నయం.

ఇక రెండోది: రిప్లై బటన్ మీది మాటలకు హద్దు 20 క్యారెక్టర్లు. గుణింతం గుర్తులు, పొల్లు, ఖాళీలు కూడా విడిగా లెక్కకొస్తాయి. ‘కడుపునొప్పి ఎక్కువగా ఉంది’ కంటికి 11 అక్షరాలే, లెక్కకు 25. ‘కడుపునొప్పి’ చాలు.

జవాబులు మాత్రం ఏఐ మోడల్‌తో అల్లించొద్దు, డాక్టర్ చూసినవే పంపాలి. టీనేజీలో నెలసరి 21 నుంచి 45 రోజులకోసారి రావడం మామూలే. 28 రోజులని బిగిస్తే సగం మంది బెదిరిపోతారు. గంటకో ప్యాడ్ తడిసినా, రక్తస్రావం 7 రోజులు దాటినా, 15 ఏళ్లకీ మొదలవకపోయినా బాట్ సలహాలు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లమనాలి.

సెలవుల్లో ఫోన్ నాన్న చేతిలో ఉంటుంది కదా, రిమైండర్లు తీసేయండి. బాట్ పేరు, మెసేజ్ మొదటి లైన్ చూస్తే విషయం తెలియకూడదు.