మూడు వేల డాలర్ల బైనాక్యులర్: ఏది కొనాలి?

ప్రశ్న: ఆదివారాలు అమీన్‌పూర్ చెరువు దగ్గర, చలికాలంలో నేలపట్టు, పులికాట్‌లలో పక్షులు చూస్తుంటాను. కళ్లద్దాలున్నాయి. అమెరికాలో ఉన్న అన్నయ్యతో మంచి బైనాక్యులర్ తెప్పించుకోవాలని ఉంది. స్వరోవ్‌స్కీ ఎన్‌ఎల్ ప్యూర్, జైస్ విక్టరీ ఎస్‌ఎఫ్, లైకా నాక్టివిడ్‌లలో ఏది నయం? 8×42 తీసుకోనా, 10×42 తీసుకోనా?

జవాబు: కళ్లు మూసుకుని 8×42 తీసుకోండి. ఇందులో 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు కటకం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో. 10 రెట్లు పెద్దగా చూపించేది చేతి వణుకునీ పెద్దది చేస్తుంది. 42ని 8తో భాగిస్తే 5.25. కంటిదాకా వచ్చే వెలుగు అన్ని మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుందన్నమాట. 10తో అయితే 4.2 మాత్రమే. చీకటి పూర్తిగా వీడని వేళ ఆ తేడా తెలుస్తుంది. పులికాట్‌లో దూరాన నిలబడ్డ ఫ్లెమింగోల కోసమైతే 10 కూడా చాలదు, స్టాండు మీద పెట్టి ఒంటికంటితో చూసే స్పాటింగ్ స్కోప్ ఉండాల్సిందే.

ఇక ఈ మూడింటి స్పష్టతలో తేడాలు వెతకడం కోడిగుడ్డుకు ఈకలు పీకడమే. తేడా అంతా చూపు వెడల్పులో, చేతిలో పట్టులో ఉంది. కిలోమీటరు దూరంలో ఎన్‌ఎల్ ప్యూర్ 159 మీటర్ల వెడల్పు చూపిస్తుంది. ఎస్‌ఎఫ్ 148, నాక్టివిడ్ 135. ఎగిరే పక్షిని పట్టుకోవడానికి ఈ వెడల్పే ముఖ్యం. ఎన్‌ఎల్ గొట్టాలు నడుము దగ్గర సన్నగా ఉండి వేళ్లకు చక్కగా అమరుతాయి. కాకపోతే నీటి మీద ఎండ ఏటవాలుగా పడేటప్పుడు, కన్ను సరిగ్గా కుదరకపోతే కింది అంచున తెల్లటి మసక వస్తుందని వాడేవాళ్లలో కొందరి ఫిర్యాదు. చెరువుల దగ్గర తిరిగే మీరు ఇది పట్టించుకోవాలి. లైకా రంగులు ముద్దొస్తాయి, కానీ బరువు 860 గ్రాములు. ఎస్‌ఎఫ్ 790 గ్రాములే. పైగా ఆ బరువు కంటి వైపు ఎక్కువగా ఉండటంతో చేతులు తొందరగా నొప్పెట్టవు. మీటరున్నర దూరంలోని సీతాకోకచిలుక మీదా ఫోకస్ అవుతుంది. నా ఓటు ఎస్‌ఎఫ్‌కే.

అయితే అన్నయ్య చేతికి నప్పింది మీకు నప్పాలని లేదు. మీ బర్డింగ్ గ్రూపులో ఎవరి దగ్గరైనా ఉంటే ఒకసారి అడిగి చూడండి. ఐకప్‌లు (కంటికి ఆనించే చోట ఉండే గుండ్రటి అంచులు) పూర్తిగా లోపలికి తిప్పి, కళ్లద్దాలతోనే చూడండి. కనబడే దృశ్యం గుండ్రటి అంచు చుట్టూతా కనబడాలి. ఏ పక్కన తెగినా అది మీకు పనికిరాదు.

వీటిలో ఏదైనా అమెరికాలోనే మూడు వేల డాలర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఎయిర్‌పోర్టులో కట్టాల్సిన కస్టమ్స్ సుంకం దీనికి అదనం. అంత డబ్బు పెట్టడానికి మనసొప్పకపోతే నికాన్ మోనార్క్ ఎం7 8×42 చూడండి. ధర ఇందులో ఐదో వంతు ఉంటుందేమో. అంచుల్లో బొమ్మ కాస్త మసకబారినా చూపు వెడల్పు 145 మీటర్లు.