నొప్పి మందు లేకుండా కాన్పు: ఎలా సిద్ధపడాలి?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. తొలి చూలు, ఎనిమిదో నెల. మాది గజపతినగరం దగ్గర పల్లె. విజయనగరం ఘోషా ఆసుపత్రిలో చూపించుకుంటున్నాను. బీపీ, రక్తం బాగున్నాయని, బిడ్డ తల కిందికే ఉందని చెప్పారు. నొప్పి తెలియకుండా వెన్నుకు ఇచ్చే ఇంజక్షన్ తీసుకోకుండా మామూలు కాన్పు కావాలని నా కోరిక. అయితే మా తోటికోడలు పడిన బాధ గురించి విన్నప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. ‘అందరూ కనడం లేదా’ అంటారు అత్తగారు. ఈ మిగిలిన వారాల్లో నేనేం చేయాలి?
– ఒక సోదరి, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, మీ కోరికా సబబే, మీ భయమూ సబబే. అత్తగారు ధైర్యం చెప్పడానికే ఆ మాట అన్నా, ఆ నొప్పి ఎలా వస్తుందో తెలిస్తేనే ధైర్యం నిలుస్తుంది కనుక ముందు ఆ సంగతి చెబుతాను.

పురిటి నొప్పి ఎడతెరిపి లేకుండా ఉండదు. గర్భసంచి బిగుసుకొని, తారస్థాయికి చేరి, మళ్లీ సడలుతుంది. కాన్పు ఊపందుకున్నాక పది నిమిషాలకు మూడు నొప్పులు, ఒక్కొక్కటి 45 సెకన్లు అనుకుంటే, నొప్పి ఉండేది రెండుంపావు నిమిషాలు, మిగిలిన ఏడెనిమిది నిమిషాలూ విరామమే. చివరికి వచ్చేసరికి ఈ విరామం బాగా తగ్గుతుంది, ఆ మాట దాచను. రాబోయే నొప్పిని తలచుకొని విరామాన్ని కూడా భయంతో గడిపితే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ పెరిగి, గర్భసంచిని పనిచేయించే మరో హార్మోన్ ఆక్సిటోసిన్‌కు అడ్డుపడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, బాధ ఇంకా ఎక్కువవుతుంది. అందువల్ల విరామంలో ఒళ్లు వదులు చేసుకోవడమే మీరు నేర్చుకోవలసిన అసలు విద్య. రోజూ పడుకునే ముందు ముక్కుతో గాలి పీల్చి, నోటితో అంతకంటే నెమ్మదిగా వదులుతూ, దవడ, భుజాలు, అరచేతులు ఒక్కొక్కటిగా సడలించండి. వేగంగా రొప్పితే తల తిరిగి వేళ్లు తిమ్మిరెక్కుతాయి కనుక అలా చేయవద్దు.

అన్నిటికంటే ముఖ్యం, పక్కన ఎవరుంటారన్నది. కాన్పు పొడవునా నమ్మకమైన మనిషి తోడుంటే నొప్పి మందుల అవసరమూ ఆపరేషన్లూ తగ్గుతాయని, కాన్పు సమయం కూడా కొంత కుదించుకుపోతుందని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రసవ సహాయకురాలిని అనుమతించాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే నిర్ణయించింది. అమ్మో, అత్తగారో, పెద్దమ్మో, ఎవరైనా సరే, స్వయంగా కాన్పు అయినవారు, గాభరా పడనివారు అయితే చాలు. పాత భయాలు తవ్వి చెప్పేవారిని మాత్రం, ఎంత దగ్గరివారైనా, ఆ పూటకు దూరంగా ఉంచండి. ప్రతి నెలా 9న జరిగే గర్భిణుల పరీక్షకు ఆమెను వెంట తీసుకెళ్లి, లోపలికి రానిస్తారా అని ముందే అడగండి. నొప్పి వచ్చినప్పుడు నడుము అడుగున అరచేతి మడమతో గట్టిగా అదిమి పట్టడం, వేడి నీళ్ల కాపడం పెట్టడం ఇంట్లోనే ఆమెకు అలవాటు చేయండి.

వెల్లకిలా పడుకొని ఉండిపోవద్దు. నడవవచ్చు, గోడకో మనిషి భుజానికో ఆనుకొని నిలబడవచ్చు, మోకాళ్ల మీద వంగవచ్చు. ఇబ్బందులేమీ లేనివారు పలచని చోడి అంబలి, మజ్జిగ, కొబ్బరి నీళ్లు తీసుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సూచనల ప్రకారం గర్భాశయ ద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే కాన్పు ఊపందుకున్నట్టు లెక్క. అక్కడి నుంచి తొలిసారి 12 గంటల దాకా పట్టవచ్చు కనుక ఆలస్యమైందని కంగారు పడకండి. పై నుంచి పొట్టను నొక్కి బిడ్డను దించే పద్ధతిని ఆ సంస్థ వద్దనే చెప్పింది. ఆ పని చేయరు కదా అని మీ డాక్టరుగారిని ముందే మర్యాదగా అడగడంలో తప్పు లేదు.

వెన్ను ఇంజక్షన్ తీసుకుంటే ఆపరేషన్ తప్పదనీ, జీవితాంతం నడుము నొప్పి ఉంటుందనీ మన వైపు చాలామంది నమ్ముతారు. రెండూ నిజం కావు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లేనని తేలింది, దానికి కారణాలు వేరే ఉన్నాయి. చాలా చిన్న ఆసుపత్రుల్లో మత్తు డాక్టరు లేక ఆ ఇంజక్షన్ దొరకదు కూడా. దొరికే చోట, నొప్పులు తెప్పించే మందు పెట్టవలసి వచ్చినా, ఒళ్లు పూర్తిగా అలసిపోయినా, అప్పుడు తీసుకోవాలనిపిస్తే నిస్సంకోచంగా అడగండి. వద్దనుకోవడం మీ ఇష్టం, అంతేగాని అది ఎవరికో ఇచ్చిన మాట కాదు. బీపీ పెరిగినా, బిడ్డ గుండె చప్పుడు తగ్గినా డాక్టరుగారి నిర్ణయానికే ఒప్పుకోండి.

ప్రశ్న: నెలలు నిండాయి. నొప్పులు రావాలంటే ఆముదం తాగమని మా అమ్మ పట్టుబడుతోంది. తాగవచ్చా? నిజమైన నొప్పులను ఎలా గుర్తించాలి?
– ఒక సోదరి, పలాస

జవాబు: తాగవద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు పోయి, అసలు కాన్పుకు కావలసిన శక్తి ముందే హరించుకుపోతుంది. దొంగ నొప్పులు నడిస్తేనో పడుకుంటేనో సర్దుకుంటాయి. నిజమైనవి క్రమంగా దగ్గరవుతూ బలపడతాయి. ఐదు నిమిషాలకొకటి చొప్పున, నిమిషం పాటు ఉంటూ, గంట సేపు సాగితే బయలుదేరండి. ఆసుపత్రి దూరమైతే అంతదాకా కూడా ఆగకండి. ఉమ్మనీరు పోయినా, అది ఆకుపచ్చగా కనిపించినా, రక్తం కారినా, బిడ్డ కదలిక తగ్గినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా, నొప్పులతో నిమిత్తం లేకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. అర్ధరాత్రి అయినా సరే, తెల్లవారాక చూద్దామని ఇంట్లో ఆగవద్దు.